‘లేదు’ అనని చెప్పుల దుకాణం

2022 వానాకాలం. అప్పటికి నేను చెప్పులు, షూల హోల్‌సేల్ ఏజెన్సీ ఒకదానిలో సేల్స్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఏజెన్సీ తరఫున దుకాణాలకు వెళ్లి, సరుకు ఎలా పోతోందో చూసి, కొత్త ఆర్డర్లు తేవడం నా పని. ఒక్కొక్కరికి అప్పగించిన దుకాణాల వరుసను మాలో ‘బీట్’ అంటారు. నా బీట్ విద్యానగర్‌లో మొదలై, యూనివర్సిటీ లోపలి రోడ్డు మీదుగా తార్నాక చేరి, రామంతాపూర్‌లో ముగిసేది. పొద్దున ప్రార్థన చేసుకుని, ఆ రోజు చదివిన బైబిల్ వాక్యాన్ని మనసులో పెట్టుకుని, స్కూటీ డిక్కీలో శాంపిల్ జతలు వేసుకుని బయల్దేరేదాన్ని. దేవుడు నా వంతుకు ఇచ్చిన పొలం ఈ దారే అనుకునేదాన్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆ దారిలో అన్నిటికంటే ఎక్కువ వెరైటీ ఉన్న దుకాణం మల్లేశం అన్నది. అన్నిటికంటే తక్కువ అమ్మే దుకాణం కూడా అదే.

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు తిరిగే సందులో, టిఫిన్ సెంటరుకూ జిరాక్స్ షాపుకూ మధ్య ఇరుకైన గది. నేల నుంచి కప్పు దాకా డబ్బాలు. గోడ మీద ఇంత ఖాళీ లేకుండా డిస్‌ప్లే జతలు: ఆఫీసు షూ, పెళ్లి జూతీలు, కొండలెక్కే బూట్లు, నడిస్తే లైట్లు వెలిగే పిల్లల షూ, మెత్తటి డాక్టర్ చెప్పులు, వానకు ప్లాస్టిక్ శాండిల్స్, పరుగు షూ అయితే హోలీ నాటి వీధిలా అన్ని రంగుల్లో. సందులో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. లోపలికి వచ్చి కూర్చునేవాళ్లు. చివరికి మళ్లీ వస్తామని లేచి వెళ్లిపోయేవాళ్లు.

మల్లేశం అన్న తండ్రి యూనివర్సిటీ గోడ పక్కన ప్లాస్టిక్ పట్టా పరిచి చెప్పులు అమ్మినవాడు. ఆ పట్టా మీది నుంచి ఈ గదిలోకి రావడానికి ఆయనకు జీవితమంతా పట్టింది. ఆ గదినే మూసేయాలని ఇప్పుడు మల్లేశం అన్న అనుకుంటున్నాడు.

“దసరా దాక జూస్త మేడం,” అన్నాడు మల్లేశం అన్న ఒకరోజు, కౌంటర్ మీద దుమ్ము తుడుస్తూ. “గప్పటికీ గిట్లనే ఉంటే షటర్ దించుడే. రామంతాపూర్ల మా బామ్మర్ది టెంట్‌హౌస్ నడుపుతున్నడు. కుర్చీలు ఎక్కిచ్చుడు, దించుడు నువ్వు జూసుకో బావా అంటున్నడు.”

డబ్బాల వెనక నుంచి ఆయన భార్య పద్మ గొంతు వినిపించింది. “మా తమ్ముని కుర్చీలు మోసేటందుకేనా మామ గింత దుకాణం పెట్టిపోయింది?”

“నువ్ జర ఊకోవే. మేడంకు చాయ్ చెప్పు.”

“చాయ్ చెప్త. కుర్చీల సంగతి మాత్రం నా ముంగట చెప్పకు.”

మా ఆఫీసులోనూ ఆ దుకాణం పేరు చెడిపోయింది. మా మేనేజరు దాన్ని ‘డెడ్ అవుట్‌లెట్’ అనేవారు, అంటే సరుకు పంపినా దండగే అని తేల్చేసిన దుకాణం. నా బీట్‌లోంచి దాన్ని తీసేస్తానని రెండుసార్లు చెప్పారు. ఏజెన్సీ సరుకు ఆపేస్తే మల్లేశం అన్న దసరా దాకా ఆగాల్సిన పని కూడా ఉండదు.

ఆ దుకాణానికి ఒక ఆచారం ఉంది. దీపం పెట్టిన చోట ‘లేదు’ అనే మాట అనకూడదని తండ్రి నియమం పెట్టాడు. మన ఇళ్లలో బియ్యం అయిపోయినా అయిపోయాయని అనరు కదా, అలాంటిదే. కొడుకు దాన్ని ప్రాణంలా పట్టుకున్నాడు. ఎవరేమడిగినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట “ఉన్నది.”

నేను స్వయంగా చూసిన బేరం ఒకటి చెబుతాను. ఒక కుర్రాడు వచ్చి నల్లటి పరుగు షూ తొమ్మిదో నంబరు అడిగాడు.

“ఉన్నది తమ్మీ, కూసో,” అని మల్లేశం అన్న నిచ్చెన ఎక్కాడు. నీలం రంగులో ఎనిమిదో నంబరు దించాడు. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. నల్లవాటిలోనే పదో నంబరు తెచ్చి, లోపల ఒక అట్ట దూర్చి, “ఇప్పుడు జూడు, నీ కోసమే కుట్టినట్టున్నది,” అన్నాడు. మడమ దగ్గర వేలు దూరేంత సందు. తర్వాత శాండిల్స్ చూపించాడు. ఆ తర్వాత కొండలెక్కే బూట్లు. కుర్రాడు ఫోను చూసుకుని, “మల్లొస్త అన్నా,” అని లేచాడు.

నేల మీద తెరిచిన డబ్బాల మధ్య మల్లేశం అన్న నడుం పట్టుకుని నిలబడ్డాడు. “చూసిన్రా మేడం? వెరైటీ సాల్తలేదు. ఇంకో నాలుగు కొత్త ఆర్టికల్స్ పంపియ్యున్రి.”

మా వ్యాపారంలో ఒక్కో డిజైనును ఒక ఆర్టికల్ అంటారు. కొత్త ఆర్టికల్ అమ్మితే నాకు మంచి పేరు వచ్చేది. పెన్ను కూడా తీశాను. కానీ ఆ కుర్రాడు కొత్త డిజైను అడగలేదు. గోడ మీద ఉన్నదాన్నే వేలు పెట్టి చూపించాడు. అతని పాదానికి సరిపోయే నంబరే ఆ దుకాణంలో లేదు. ఆ సంగతి ఇంతమందిమి ఉన్నా ఎవరమూ పైకి అనలేదు. పెన్ను మళ్లీ బ్యాగులో పెట్టుకుని, “ఈ వారం వద్దన్నా, చూద్దాం,” అన్నాను.

ఆ చూడాల్సిందేమిటో నాకు చూపించింది స్వప్న.

ఒక సాయంత్రం వాన వెలిశాక ఆమె దుకాణంలోకి వచ్చింది. ట్రాక్ ప్యాంటు పిక్కల దాకా మడిచి ఉంది. కాళ్లకు హవాయి చెప్పులు, చేతిలో షూ జత. జనగామ వైపు పల్లె ఆమెది. డిగ్రీ అయ్యాక మాణికేశ్వర్ నగర్‌లో స్నేహితురాళ్లతో గది తీసుకుని, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. రాతపరీక్షతో పాటు వాళ్లకు పరుగు, దూకడం వంటి పోటీలుంటాయి. వాటిని అందరూ ఈవెంట్స్ అంటారు.

“అన్నా, గీ షూ నువ్వే ఇచ్చినవ్. ఇగ నా కాలు జూడు.”

రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లగా కమిలి ఉన్నాయి.

“ఒక్క నంబరే గద బిడ్డా పెద్దది,” అన్నాడు మల్లేశం అన్న మెల్లగా. “లోపట అట్ట కూడ పెట్టిన.”

“నడిచేటోళ్లకు అట్ట నడుస్తది. ఉరికేటోళ్లకు నడుస్తదా? ఆగినప్పుడల్లా కాలు ముందటికి జారి గోరు పోయి గుద్దుకుంటున్నది. వారం సంది గ్రౌండ్‌కు పోతలేను.”

“నీకు పనికొస్తదనే ఇచ్చిన.”

“నా నంబర్ లేదని చెప్తే అయిపోతుండె గద. కోఠికి పోయి కొనుక్కుందును. లేదంటే నీ నోట్లె ముత్యాలు రాల్తయా?”

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గదే మాట నేను పెండ్లైనప్పటి సంది అడుగుతున్న.”

“గ్రౌండ్ల నీకు ఏం పేరు పెట్టిన్రో ఎర్కేనా అన్నా?” స్వప్న ఇంకా చల్లారలేదు. “అట్ట సేటు. షూ కొననీకె ఏడికి పోదామంటే, అట్ట సేటు తాన్కి మాత్రం వద్దు అంటరు.”

మల్లేశం అన్న ఆ జత వెనక్కి తీసుకున్నాడు. ఆమె వెళ్లిపోయాక స్టూలు మీద కూర్చుని, దీపం పక్కనున్న తండ్రి ఫోటో వైపు చూశాడు. ఎవరినీ మోసం చేయాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం పాపమని నమ్మాడు, అంతే. కానీ ఆ నమ్మకంతోనే రోజూ మనుషులు కుంటేలా చేస్తున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను యూనివర్సిటీ మైదానానికి వెళ్లాను. అంత పొద్దున్నే అక్కడ అంతమంది ఉంటారని నాకు తెలియదు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గుంపులు గుంపులుగా పరుగెడుతున్నారు. ఒకడు ఫోనులో సమయం చూస్తున్నాడు, ఒకడు మిగతావాళ్లను తిట్టి ఉరికిస్తున్నాడు. నేను గట్టు మీద కూర్చుని వాళ్ల పాదాలు చూశాను. చెప్పుల పనిలో ఉన్నవాళ్లకు మనిషి మొహం కన్నా ముందు పాదం కనిపిస్తుంది.

పరుగు ఆపి షూ విప్పినప్పుడు అవి పల్లెటూరి పాదాలని తెలిసిపోతోంది. చిన్నప్పుడు పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు. వేళ్లు విడివిడిగా పరుచుకుని, ముందు భాగం విసనకర్రలా వెడల్పుగా ఉంది. ఒక కుర్రాణ్ని నంబరెంత అని అడిగాను.

“ఎనిమిదక్కా. తొడిగేది మాత్రం తొమ్మిది. ఎనిమిదైతే పక్కలకు పట్టేస్తది.”

పక్కన కూర్చున్నవాడు నవ్వాడు. “నాది తొమ్మిది, తొడిగేది పది. కాలేమో ఎనుకనే ఉంటది, షూ ముందుగాల్ల పోతది.”

షూ కుట్టేటప్పుడు లోపల పెట్టే పాదం అచ్చును ‘లాస్ట్’ అంటారు. బజారులో దొరికే చవక పరుగు షూలన్నీ సన్నటి లాస్ట్ మీద కుట్టినవే. అందుకే ఈ పిల్లలందరూ తమది కాని నంబరులో పరుగెడుతున్నారు. అచ్చు వెడల్పుగా ఉంటే దాన్ని ‘బ్రాడ్ ఫిట్టింగ్’ అంటారు. అలాంటి ఆర్టికల్ ఒకటి మా గోడౌన్‌లోనే పడి ఉందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. బూడిదరంగుది, మెరుపు లేనిది. గోడ మీద పెడితే కంటికి ఆనదని ఏ దుకాణమూ దాన్ని అడగలేదు.

అయినా నా కంటితో చూసిందొక్కటే చాలదు. ఏ నంబరు ఎందరికి కావాలో మల్లేశం అన్న తనకు తానుగా తెలుసుకోవాలి. తిరిగి వస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన మా ఊరి చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధనలో అందరూ కళ్లు మూసుకుని పాడుతుంటే ఆయన మాత్రం ఒకసారి కళ్లు తెరిచి చాపలన్నీ చూసేవాడు. ఆరాధన అయిపోగానే అన్నానికి కూర్చోకుండా, రాని వాళ్ల ఇంటికి నడిచేవాడు. “వచ్చినోళ్లు అందరికీ కనబడుతరు బిడ్డా. రానోళ్లను చూసుకునేటందుకే సంఘ పెద్ద ఉండేది,” అనేవాడు. మందలో ఒక్కటి తప్పిపోతే మిగతావాటిని వదిలి దాని వెంట వెళ్లిన కాపరి కథ, ప్రభువు చెప్పినది, నేను సండే స్కూల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అది చెప్పుల దుకాణానికి పనికొస్తుందని మాత్రం ఆ పొద్దునే తెలిసింది. మల్లేశం అన్న ప్రతి నెలా ఉన్న సరుకు లెక్క చూసుకుంటాడు. దొరకక తిరిగిపోయిన మనిషి ఆ లెక్కలోకి ఎప్పుడూ రాడు.

కౌంటర్ వెనక ఖాళీ చెక్క పలక ఉంది. దానికి రెండు వరుసల్లో మేకులు కొట్టించాను. పైవరుస మగవాళ్ల నంబర్లు, కిందివరుస ఆడవాళ్లవి. దుకాణంలో తెగిన లేసులు, పాత లేసులు సంచి నిండా ఉన్నాయి. ఎవరైనా అడిగింది మన దగ్గర దొరక్కపోతే ఆ నంబరు మేకుకు ఒక లేసు కట్టాలి. పరుగు షూ అయితే తెల్లది, ఆఫీసు షూ అయితే నల్లది, చెప్పులైతే గోధుమరంగుది.

“కట్టుడు అల్కగనే ఉన్నది,” అన్నాడు మల్లేశం అన్న. “కానీ కట్టాల్నంటే ముందుగాల్ల లేదని చెప్పాలె గద. గది నాతోని గాదు మేడం. నాయిన మాట.”

“అన్నా, నాకు మా పెద్దలు నేర్పిన మాట ఒకటున్నది. అవునైతే అవునను, కాకపోతే కాదను. మధ్యల అట్ట పెట్టకు.”

ఆయనకు నవ్వొచ్చింది. “అట్ట సంగతి కూడ మీ వాక్యంల ఉన్నదా?”

“అట్ట నేను కలిపిన.”

పద్మ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. “మామ నీకు చెప్పిండు. నాకు చెప్పలే. లేదనుడు నేను జూసుకుంట. నువ్ లేసు కట్టు.”

అలా మొదలైంది. పద్మ చెప్పే తీరు కూడా చూడముచ్చటగా ఉండేది. “నీ నంబర్ లేదు తమ్మీ. ఉత్తగ తిప్పల పెట్టను. వచ్చినంక చెప్త, ఫోన్ నంబర్ చెప్పు.” మొదటిసారి ఆ మాట విన్నవాడు తల పైకెత్తి పద్మను చూశాడు. కోపం వస్తుందనుకున్నాం. వాడు నంబరు చెప్పి, థాంక్స్ అక్కా అని వెళ్లాడు. మల్లేశం అన్న లేసు కడుతూ గొణిగాడు, “నేను నిచ్చెన ఎక్కి దిగినా ఎన్నడూ ఎవలూ థాంక్స్ చెప్పలే.”

మూడు వారాలు గడిచేసరికి ఆ పలక చూస్తే చదువు రానివాళ్లకు కూడా సంగతి తెలిసేలా ఉంది. పైవరుసలో తొమ్మిది, పది మేకులకు తెల్ల లేసులు జడల్లా వేలాడుతున్నాయి. ఆడవాళ్ల వరుసలో ఏడో నంబరుకూ అంతే, ఎందుకంటే కంపెనీలు ఆడపిల్లల పరుగు షూ అంటే గులాబీరంగులో చిన్న నంబర్లు చేసి ఊరుకుంటాయి. పైవరుసలో పదకొండో మేకుకు కొద్దిగానే ఉన్నాయి. ఆరో మేకు ఖాళీ. నల్ల లేసులు ఒకటీ రెండూ. పెళ్లి జూతీలు, కొండ బూట్లు ఒక్కరూ అడగలేదు.

ఆ లేసుల కట్టలు విప్పకుండా అలాగే సంచిలో వేసుకుని మా మేనేజరు గారి టేబుల్ మీద పెట్టాను.

“ఏందమ్మా ఇది, పూలదండలా?”

“తిరిగిపోయిన కస్టమర్లు సార్.”

విషయం చెప్పాను. మేం పంపేవి ‘అసార్టెడ్’ కార్టన్లు, అంటే ఒక పెట్టెలో అన్ని నంబర్లూ కలిపి వస్తాయి. మగవాళ్ల పెట్టెలో తొమ్మిది, పది వారంలో పోతాయి. ఆరు, ఏడు మిగిలిపోతాయి. ఇలా నంబర్లు తెగి మిగిలిన జతలను మాలో ‘కట్ సైజ్’ అంటారు. మళ్లీ తొమ్మిది కావాలంటే మల్లేశం అన్న ఇంకో కొత్త ఆర్టికల్ కార్టన్ తెప్పిస్తాడు. అందులోనూ ఆరు, ఏడు మిగులుతాయి. గోడ మీద చూస్తే ఊరంత వెరైటీ, డబ్బాలు తెరిస్తే ఎక్కడ చూసినా ఆరో నంబరే. ఒక జత వెతకడానికి ఇరవై డబ్బాలు దించాలి. ఆ వెతుకులాటలోనే వచ్చినవాడి ఓపిక అయిపోతుంది.

“ఆ ఆర్టికల్స్ చాలామటుకు మనం వెనక్కి తీసుకుందాం సార్. బదులుగా బూడిదరంగు బ్రాడ్ ఫిట్టింగ్ ఇవ్వండి. ‘సాలిడ్’ కార్టన్లలో.” సాలిడ్ అంటే పెట్టె మొత్తం ఒకే నంబరు.

“చిన్న దుకాణానికి వెరైటీయే ఆకర్షణ. అది తీసేస్తే ఇంక మిగిలేదేంటి? పైగా ఆ బూడిద సరుకు ఎవరూ ముట్టలేదు.”

“గోడ మీద ఎవరూ ముట్టలేదు సార్. కాలికి తొడిగి చూడలేదు.”

ఆయన లేసుల కట్టను చేత్తో ఎత్తి బరువు చూసినట్టు చూశారు. “సరే. దసరా దాకా. అప్పటికి కదలకపోతే ఆ అకౌంట్ మూసేస్తా, మళ్లీ నువ్వు నన్ను అడగొద్దు.”

అక్కడా దసరా, ఇక్కడా దసరా. ఇద్దరూ చెప్పిన గడువు ఒక్కటే అయింది.

ట్రాలీ ఆటోలో పాత సరుకు వెళ్లిపోయాక దుకాణం గోడలు బయటపడ్డాయి. మిగిల్చినవి నాలుగు రకాలు: అన్ని నంబర్లలో బ్రాడ్ ఫిట్టింగ్ పరుగు షూ, ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్ల కోసం ఒకే ఒక నల్ల షూ, ఆడవాళ్లకు సాదా శాండిల్, రోజువారీ హవాయి చెప్పులు. హవాయి చెప్పుల్లో లాభం చాలా తక్కువ. మల్లేశం అన్న వాటినీ పంపేద్దామన్నాడు. నేనే వద్దన్నాను. మాణికేశ్వర్ నగర్ ఇళ్ల నుంచి మనుషులు ఆ సందులోకి వచ్చేదే వాటి కోసం. ఆ పక్కన పరుగు షూ ఉందని వాళ్ల గదుల్లో కిరాయికుండే పిల్లలకు చెప్పేదీ వాళ్లే.

“దుకాణం గుండు కొట్టిచ్చుకున్నట్టున్నది,” అన్నాడు మల్లేశం అన్న.

“తిరుపతికి పోయొచ్చిందనుకో,” అంది పద్మ.

మొదటి వారం గడ్డుగా నడిచింది. ఇంతకు ముందు గోడ చూసి ఆగేవాళ్లు ఇప్పుడు ఆగడం లేదు. జిరాక్స్ షాపు ఆయన తొంగి చూసి, “ఏంది సేటూ, ఖాళీ జేస్తున్నవా?” అని అడిగి వెళ్లాడు. రాత్రి కుటుంబ ప్రార్థనలో నేను ఆ దుకాణం పేరు చెప్పి ప్రార్థించాను. ప్రార్థనలో చెప్పుల నంబర్లు కూడా చెబుతున్నానని మా ఆయన నవ్వాడు. మన తల వెంట్రుకలు కూడా లెక్కపెట్టాడని బైబిల్లో ఉంది, అలాంటి దేవుడు కాళ్ల వేళ్లు లెక్కపెట్టడా అన్నాను.

ఆ వారం చివర్లో పద్మ స్వప్నకు ఫోన్ చేసింది. “నీ ఏడో నంబర్ వచ్చింది, అట్ట లేకుండ. మనసొప్పితేనే తీస్కో.”

స్వప్న అనుమానంగానే వచ్చింది. తొడిగింది. లేచి వేళ్లు కదిపి చూసుకుంది. మళ్లీ కూర్చుని లేసు బిగించింది.

“నడిచి చూస్తే నాకు తెల్వదు అన్నా.”

“నడుసుడెందుకు?” అన్నాడు మల్లేశం అన్న. ఆ మాట ఆయనకు అప్పటికప్పుడే తోచింది. “ఉరికి చూడు. సందు చివరిదాంక పోయి రా.”

టిఫిన్ సెంటరు ముందు ఇడ్లీ తింటున్నవాళ్లు ప్లేట్లు పక్కకు జరుపుకున్నారు. స్వప్న సందు పొడవునా పరుగెత్తి, చివర్లో గట్టిగా ఆగి, తిరిగి పరుగెత్తి వచ్చింది. ఆగిన చోట ఒకసారి కిందికి చూసుకుంది. కాలు ముందుకు జారలేదు.

“అన్నా,” అంది, ఊపిరి తీసుకుంటూ, “ఇగ నీ పేరు మార్పియ్యాలె.”

మర్నాడు సాయంత్రం ఆమెతో పాటు గదిలోని అమ్మాయిలు వచ్చారు. ఆ తర్వాతి రోజు గ్రౌండ్ నుంచి నేరుగా కుర్రాళ్లు వచ్చారు. సందులో ఉరికి చూసి కొనుక్కోవడం ఆ దుకాణానికి కొత్త ఆచారమైంది. టిఫిన్ సెంటరు ఆయన మొదట విసుక్కున్నాడు. తర్వాత పరుగెత్తినవాళ్లంతా తన దగ్గరే దోసె తింటున్నారని గమనించి, సందులో నీళ్లు చల్లి ఊడ్వడం మొదలుపెట్టాడు.

పదకొండో నంబరు గురించి చెప్పకుండా ఉండలేను. కొద్ది లేసులే ఉన్నాయి కదా, వదిలేద్దామని మల్లేశం అన్న అన్నాడు. ఒక చిన్న పెట్టె తెప్పిద్దామని నేను పట్టుబట్టాను. హాస్టలు నుంచి ఒక పొడుగాటి పిల్లవాడు వచ్చాడు, గుమ్మంలో తల వంచి. ఆశ లేని గొంతుతో అడిగాడు. మల్లేశం అన్న నిచ్చెన ఎక్కకుండానే చేయి చాపి డబ్బా తీశాడు. పిల్లవాడు షూ తొడిగి లోపల వేళ్లు బారుగా చాపుకున్నాడు. “ఇంటర్ నుంచి వేలు ముడుచుకునే ఉరికిన అంకుల్,” అన్నాడు. ఆ వారం అతని హాస్టల్ బ్లాకు సగం ఆ సందులోనే కనిపించింది. ఒక్కడికి దొరకని నంబరు దొరికితే వాడు తన మందనంతా వెంటబెట్టుకుని వస్తాడు.

దుకాణం లోపల పని కూడా తేలికైంది. ఒక్కో నంబరుకు ఒక్కో వరుస కావడంతో పద్మ చూడకుండానే డబ్బా తీసేది. ఇంతకు ముందు ఒక్క బేరానికి పట్టే సమయంలో ఇప్పుడు నలుగురిని పంపుతున్నారు. సాయంత్రం మేకుల వంక చూసి ఏ నంబరు అయిపోయిందో నాకు ఫోనులో చెప్పేవారు. అంతకు ముందు వేసవంతా అమ్మినన్ని జతలు ఒక్క వారంలో వెళ్లాయి. మా మేనేజరు గారు స్వయంగా వచ్చి, సందు మొదట్లో కారు ఆపి, పరుగెత్తే పిల్లలకు దారి ఇస్తూ నడిచి వచ్చారు. గోడ వంక చూసి, “నాలుగే రకాలా?” అన్నారు.

“నాలుగే సార్,” అన్నాడు మల్లేశం అన్న. “కానీ ఏ కాలు వచ్చినా ఉత్తగ పోతలేదు.”

దసరా ముందు రోజు పెళ్లి చూపులకు వెళ్తున్నట్టు తయారైన పెద్దమనిషి ఒకాయన వచ్చి బంగారు రంగు జూతీలు అడిగాడు. పద్మ లోపల ఉంది. దుకాణం నిండా జనం. మల్లేశం అన్న తండ్రి ఫోటో వైపు ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగి, ఉన్నంత గొంతుతో అన్నాడు: “లేవు పెద్దనాయినా. చౌరస్తా అవతల మూలమీది దుకాణంల మంచియి దొరుకుతయి. నేను పంపిన్నని చెప్పు.” ఆయన దండం పెట్టి వెళ్లాడు. ఆ మూల దుకాణం వాళ్లు ఆ రోజు నుంచి పరుగు షూ అడిగినవాళ్లను ఇటు పంపడం మొదలుపెట్టారు.

పండుగ నాడు బామ్మర్ది ట్రాలీ వేసుకుని వచ్చాడు, బావను సామాన్లతో సహా రామంతాపూర్ తీసుకుపోదామని. గుమ్మం దాకా జనం ఉండటంతో బయటే నిలబడి పిలిచాడు. “బావా, పోదామా?”

“పురుసత్ లేదురా,” అని అరిచాడు మల్లేశం అన్న లోపల్నుంచి. “కుర్చీలుంటే రెండు దించిపో. కూసునేటందుకు జాగ లేదు.”

దుకాణం మొత్తం నవ్వింది. బామ్మర్ది నిజంగానే రెండు కుర్చీలు దించి వెళ్లాడు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ రోజు వాళ్లు ఆయుధ పూజ చేసుకున్నారు. పాదం కొలిచే చెక్క, నిచ్చెన, మేకుల పలక, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టారు. పద్మ నా చేతిలో మిఠాయి డబ్బా పెట్టి, “పూజకు ముందుగాల్లనే తీసి పక్కకు పెట్టిన అక్కా. నువ్వు ప్రసాదం తినవని ఎర్కే,” అంది. ఆమె పూజ ఆమెది, నా ప్రార్థన నాది. నేను గుమ్మం దగ్గర నిలబడి నా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ మిఠాయిలో ఉన్న ప్రేమ ఇద్దరం ఎరిగినదే.

చలికాలంలో ఈవెంట్స్ జరిగాయి. స్వప్న పరుగులో నెగ్గిన రోజు నేను దుకాణంలోనే ఉన్నాను. ఆ షూతోనే లోపలికి వచ్చింది, ఎర్రమట్టి అంటుకుని గుర్తుపట్టలేనట్టు ఉంది. ఆ తర్వాత ఆమెకు ఉద్యోగమూ వచ్చింది. శిక్షణకు వెళ్లే ముందు కొత్త బ్యాచ్ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె సందు మలుపులో వాళ్లకు చెబుతున్న మాట నాకు స్పష్టంగా వినిపించింది: “గీ సేటు ఉన్నదంటే ఉంటది. లేదంటే లేదు. ఇగ వేరే మాటుండది.” సంఘంలో ఎన్ని ప్రసంగాలు విన్నానో కానీ, నేను నేర్చుకున్న వాక్యానికి అంత చక్కటి సాక్ష్యం ఎక్కడా వినలేదు.

ఇప్పటికీ అదే బీట్‌లో తిరుగుతున్నాను. ఎక్కువ రకాలు పెడితే ఎక్కువ అమ్ముతామని నమ్మే దుకాణాలు ప్రతి వీధిలో కనిపిస్తాయి. వాళ్లకు నేను సరుకు తగ్గించమని చెప్పను, పెంచమనీ చెప్పను. మనుషులు ఏ విషయంలో వేరువేరుగా ఉన్నారో ఆ విషయంలోనే రకాలు ఉండాలి. అది రంగులోనా, వెడల్పులోనా, నంబరులోనా అన్నది మన కంటికి తెలియదు, తిరిగిపోయినవాళ్లకు తెలుసు. అందుకే ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు మా నాన్నలాగే కనబడనివాళ్ల గురించి అడుగుతాను: ఇవాళ ఎవరు తిరిగిపోయారు?

మొన్న తార్నాక వెళ్లినప్పుడు మల్లేశం అన్నను కూడా అదే అడిగాను. సాయంత్రమైంది. గ్రౌండ్ నుంచి వచ్చిన గుంపు అప్పుడే ఖాళీ అయింది. బామ్మర్ది కుర్చీల్లో ఒకదానిలో కూర్చుని ఆయన చాయ్ తాగుతున్నాడు. గ్లాసు పట్టుకున్న చేత్తోనే వెనక్కి చూపించాడు.

పలక మీద మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి.